ఒడ్డు, ఊరు, గని: గోదావరిఖనిలో చూడవలసినవి, చేయవలసినవి

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత, నదీతీరంలోని ఒక పల్లె ప్రాంతం అర్ధశతాబ్దం లోపల పారిశ్రామిక పట్టణంగా ఎలా మారిందో మీరు వివరించగలుగుతారు. ఆ మార్పు వదిలిన ఆనవాళ్లను ఎక్కడ చూడాలో, ఎలా నమోదు చేయాలో తెలుసుకుంటారు. మీరు ఖనిలోనే పుట్టి పెరిగినవారైతే ఈ పాఠం మీకు కొంచెం కష్టంగానే ఉంటుంది. రోజూ నడిచే వీధిని చరిత్రగా చూడటం పరాయి ఊరును చూడటం కంటే కష్టం.

పరిచయం

ఒకప్పుడు చేపల వేట మీద బతికిన తీరగ్రామాన్ని ఇవాళ సందర్శకులు వెతుక్కుంటూ వెళ్లడం ప్రపంచమంతటా కనిపిస్తుంది. మనకు దగ్గరి ఉదాహరణ భీమునిపట్నం. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఈ ఊరికి పదిహేడో శతాబ్దంలో డచ్చి వర్తకులు వచ్చారు. 1825లో అది ఆంగ్లేయుల చేతికి వెళ్లింది. 1861లో పురపాలక సంఘం ఏర్పడింది. రేవు వ్యాపారం విశాఖపట్నానికి తరలిపోయాక భీమిలికి మిగిలినవి డచ్చి సమాధులు, పాత చర్చి, దీపస్తంభం, ఇసుక తీరం, వలలు ఆరబెట్టుకునే మత్స్యకారులు. వాటిని చూడటానికే జనం వస్తున్నారు. వ్యాపారం పోవడం వల్లనే పాతది మిగిలిందని గమనించండి.

మన ప్రాంతానికి సముద్రం లేదు. మన తీరం గోదావరి తీరం. ఇక్కడి నదీతీర గ్రామాలకు జరిగింది భీమిలికి పూర్తిగా తిరగబడిన కథ. ఇక్కడికి వచ్చిన వ్యాపారం బొగ్గు. అది వచ్చి పాతదాన్ని మిగల్చలేదు. అందుకే ‘గోదావరిఖనిలో చూడటానికి ఏముంది?’ అని అడిగితే స్థానికులే నవ్వుతారు. ‘ఏమున్నది సార్, బాయిలు, దుమ్ము’ అన్న జవాబు సంపర్క తరగతుల్లో చాలాసార్లు విన్నాను. ఆ జవాబుతో నేను ఏకీభవించను.

గనికి ముందు ఒడ్డు

గోదావరి కుడి గట్టున రామగుండం, జనగామ, సుందిళ్ల, మంథని. ఎడమ గట్టున మంచిర్యాల, చెన్నూరు. చిరకాలం ఈ నదే కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు సరిహద్దు. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగాక కుడి గట్టు పెద్దపల్లి జిల్లాలోకి, ఎడమ గట్టు మంచిర్యాల జిల్లాలోకి వచ్చాయి. తీరగ్రామాల్లో వ్యవసాయం ప్రధాన వృత్తి. దానితోపాటు గంగపుత్రులు, ముదిరాజులు నదిలోనూ చెరువుల్లోనూ చేపలు పట్టేవారు. వారి పనిముట్లు విసురువల, గాలం, తెప్ప, పుట్టి. వంతెనలు లేని కాలంలో ఏరు దాటించేది కూడా పడవ నడిపేవారే. కాబట్టి నది వారికి పొలమూ దారీ కూడా.

ఈ ఒడ్డు ఎంత పాతదో తెలియాలంటే ఎగువకు వెళ్లాలి. పెద్దవాగు గోదావరిలో కలిసే చోట కోటిలింగాల ఉంది. అక్కడ శాతవాహన వంశ స్థాపకుడు సిముకుని నాణేలు, అంతకు ముందరి స్థానిక పాలకుల నాణేలు దొరికాయి. శాతవాహనుల ఆరంభం ఎక్కడ అనే చర్చలో తెలంగాణకు బలమైన ఆధారం ఇచ్చిన చోటు అదే. పెద్దపల్లికి సమీపంలోని ధూళికట్టలో మట్టికోట, బౌద్ధ స్తూపం బయటపడ్డాయి. అక్కడి ముచిలింద నాగ శిల్పం చిత్రం మీ పాఠ్యపుస్తకాల్లో చూసే ఉంటారు. అంటే రెండు వేల ఏళ్ల కిందటే ఈ నదీలోయలో నాణెం చెలామణి అయింది, వర్తకం నడిచింది. బొగ్గు వచ్చేదాకా ఇది నిద్రపోతున్న అడవి అనే మాట సరికాదు.

పేరులోనే చరిత్ర

గోదావరిఖని అనే పేరుతో పాత గ్రామం లేదు. ఖని అంటే గని. నది పేరు, గని పేరు కలిపి కట్టిన కొత్త పేరు ఇది. రామగుండం అలా కాదు. కొండ మీది రాతిలో నీటి గుండాలున్న రామునిగుండాల నుంచి వచ్చిన పాత పేరు అది. వనవాస కాలంలో రాముడు ఇక్కడ బస చేశాడని స్థలపురాణం చెబుతుంది. పురాణాన్ని చరిత్రగా తీసుకోనక్కర లేదు. కాని ఎండాకాలంలో కూడా నీరు నిలిచే చోటుకు జనం పేరు పెట్టి కాపాడుకున్నారన్నది చరిత్రే.

పట్టణంలోని పేట పేర్లు వినండి. జనగామ, మల్కాపూర్, అడ్డగుంటపల్లి: ఇవి పాత పల్లెలు. ఫైవింక్లైన్, యైటింక్లైన్ కాలనీ, పవర్‌హౌస్ కాలనీ: ఇవి గని పెట్టిన పేర్లు. ఇంక్లైన్ అంటే భూమిలోకి ఏటవాలుగా దిగే గని దారి. వాటికి సంస్థ వరుస నంబర్లు ఇచ్చింది. ఆ నంబరే బస్టాపు పేరైంది, తరువాత ఇంటి చిరునామా అయింది. గని మూతపడినా పేరు పోలేదు. ఆంగ్ల పదం, తెలుగు నాలుక కలిసి ‘యైటింక్లైన్’ అయిన తీరు భాషాశాస్త్ర విద్యార్థికీ పనికివస్తుంది.

బొగ్గు ఎలా వచ్చింది

భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లెందు ప్రాంతంలోని సింగరేణి వద్ద బొగ్గును గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ గనుల హక్కులు పొందింది. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం దాన్ని తన అధీనంలోకి తీసుకుంది. దేశంలో బొగ్గు గనుల జాతీయీకరణ 1970 దశకంలో జరిగిందని మీరు ఆర్థిక చరిత్రలో చదివారు. సింగరేణి అంతకు చాలా ముందే ప్రభుత్వ సంస్థ అయిందన్న సంగతి విద్యార్థులు తరచుగా మరిచిపోతారు. ఇప్పుడు అందులో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది.

కంపెనీ పని ఇల్లెందులో మొదలై ఉత్తరాన బెల్లంపల్లికి, తూర్పున కొత్తగూడేనికి విస్తరించింది. కాజీపేట, బల్లార్షా రైలు మార్గం 1920 దశకం చివరికి పూర్తయింది. అప్పటికే రామగుండం మీదుగా రైలు పోతున్నా, ఇక్కడ గనులు తెరవడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. 1960 ప్రాంతంలో నదికి కుడివైపున తవ్వకాలు మొదలయ్యాయి. ఈ లోయలోని బొగ్గు గోండ్వానా కాలపుది. సుమారు 25 నుంచి 30 కోట్ల ఏళ్ల కిందటి అడవుల అవశేషం. దాంతో పోలిస్తే మన శాతవాహన నాణెం నిన్నటిది.

నది ఊరి కిందికి ఎలా వెళ్లింది

ఈ పాఠంలో మిగతాదంతా మరచినా ఈ భాగం గుర్తుంచుకోమని కోరతాను. గనిలో బొగ్గు తీస్తే కింద ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని అలాగే వదిలితే పైకప్పు కుంగుతుంది. పైన ఇల్లు, రోడ్డు, వాగు ఏది ఉంటే అది దెబ్బతింటుంది. అందుకే బొగ్గు తీసిన చోట ఇసుక నింపుతారు. ఇసుకను నీటితో కలిపి గొట్టాల ద్వారా గనిలోకి పంపుతారు. నీరు వడిసి బయటికి పోతుంది, ఇసుక గట్టిపడి పైకప్పును మోస్తుంది. ఆ ఇసుక గోదావరి నుంచే వచ్చింది. దశాబ్దాల పాటు నది అడుగున ఉండవలసిన ఇసుక ఊరి అడుగుకు చేరింది. భూమిలోని బొగ్గు రైలెక్కి పోయింది, నదిలోని ఇసుక దాని స్థానంలో పడుకుంది.

చేపలు పట్టేవారి వైపు నుంచి దీన్ని ఆలోచించండి. ఇసుక తిన్నె పోతే మడుగు లోతు మారుతుంది, ప్రవాహం దారి మారుతుంది. నది మీద బతికేవారికి ఇది చిన్న మార్పు కాదు. అయితే అదే గంగపుత్రుల, ముదిరాజుల ఇళ్ల నుంచి కూడా యువకులు గనిలో చేరి నెల జీతం చూశారు. నష్టపోయినవారు, లాభపడినవారు వేర్వేరు జనం అనుకుంటే పొరపాటు. ఒకే ఇంట్లో తండ్రి వల మడిచి అటక మీద పెట్టడం, కొడుకు తలకు క్యాప్ ల్యాంపు కట్టుకోవడం జరిగింది.

నది కథ ఇక్కడితో ఆగలేదు. ఎగువన 20 టీఎంసీల సామర్థ్యంతో ఎల్లంపల్లి జలాశయం వచ్చింది. దాని కింద పల్లెలు మునిగాయి. కోటిలింగాల పరిసరాలను వెనుక జలాలు తాకాయి. దిగువన కాళేశ్వరం పథకంలో భాగంగా సుందిళ్ల బ్యారేజీ కట్టారు. 2019 తరువాత ఖని దగ్గర గోదావరి వేసవిలోనూ నిండుగా కనిపించింది. 2023 అక్టోబరులో మేడిగడ్డ వద్ద పిల్లర్లు కుంగాక బ్యారేజీల్లో నీరు నిలపడం ఆగి, మళ్లీ రాళ్లు తేలాయి. నిలిచిన నీటిలో చేపపిల్లలు వదిలే ప్రభుత్వ పథకం 2016లో మొదలైంది. ఆ విధంగా వల మళ్లీ అటక దిగింది. కాని ఇది పాత వేట కాదు. రవ్వు, బొచ్చె పెంచి పట్టే పని, సంఘం సభ్యత్వంతో నడిచే పని.

గని ఖరీదు

2003 జూన్ 16న గోదావరిఖని ఏడో నంబరు ఎల్ఈపీ గనిలోకి నీరు దూసుకువచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. గని చరిత్ర రాసేటప్పుడు టన్నుల లెక్కతోపాటు ఈ లెక్క కూడా రాయాలి. మీలో చాలామంది ఇళ్లలో ఆ రోజు జ్ఞాపకం ఉంటుంది. దాన్ని అడిగేటప్పుడు పరీక్ష కోసం అడిగినట్టు అడగకండి.

1990 దశకం ఆరంభంలో సింగరేణిలో లక్షా పది వేలకు పైగా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు ఆ సంఖ్య 40 వేల చుట్టూ ఉంది. తట్ట, చెమ్మాస్ పట్టుకుని బొగ్గు నింపిన కోల్ ఫిల్లరు పని దాదాపు అంతరించింది. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు వచ్చాయి. అవి తక్కువ మందితో ఎక్కువ బొగ్గు తీస్తాయి, కాని ఊళ్లను తింటాయి. తవ్విన మట్టిని పోసిన గుట్టలు ఇప్పుడు రామగిరి కొండలతో పోటీపడుతున్నాయి. బయటివారు దూరం నుంచి చూసి వాటిని నిజమైన కొండలే అనుకుంటారు.

బొగ్గు చుట్టూ చేరినవి

బొగ్గు, నీరు ఒకే చోట ఉంటే కరెంటు కర్మాగారం వస్తుంది. రామగుండంలో 62.5 మెగావాట్ల బీ థర్మల్ కేంద్రం 1971లో పని మొదలుపెట్టి 2024లో మూతపడింది. ఎన్టీపీసీ కేంద్రానికి 1978 నవంబరు 14న ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేశారు. 1983లో తొలి యూనిట్ నడిచింది. 200 మెగావాట్లవి మూడు, 500 మెగావాట్లవి నాలుగు కలిసి మొత్తం 2600 మెగావాట్లు. బొగ్గు నుంచి ఎరువు తయారుచేసే కర్మాగారం 1980లో ఉత్పత్తి ప్రారంభించి 1999లో ఆగిపోయింది. ఇరవై రెండేళ్లు దాని గొట్టాలు తుప్పుపట్టాయి. అదే ఆవరణలో గ్యాసుతో నడిచే కొత్త కర్మాగారం 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 2022లో ఎన్టీపీసీ జలాశయం మీద 100 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రం పూర్తయింది. ఒకే ఊళ్లో ఒక రోజు తిరిగితే శక్తి ఉత్పత్తి చరిత్రలోని మూడు దశలు కనిపిస్తాయి. ఇది దేశంలో చాలా ఊళ్లకు లేని అవకాశం.

మీ ప్రగతిని సరిచూసుకోండి: గనిలో ఇసుక నింపడానికి, తీరగ్రామాల జీవనోపాధికి మధ్య గల సంబంధాన్ని పది వాక్యాల్లో రాయండి.

ఏది నిలపాలి?

రామగిరి ఖిల్లా, మంథని గౌతమేశ్వరాలయం, జనగామ శివాలయం చూడదగిన చోట్లని ఎవరూ కాదనరు. శ్రావణంలో ఖిల్లా ఎక్కేవారు మూలికల కోసమూ ఎక్కుతారు. రెండేళ్లకోసారి గోదావరి ఒడ్డున జరిగే సమ్మక్క, సారలమ్మ జాతర షిఫ్టులను కూడా వెనక్కి నెట్టేంత పెద్దది. చిక్కు వీటితో కాదు. మూసిన ఇంక్లైను నోరు, పాత ల్యాంప్ రూం, సైరన్, టబ్బు పట్టాలు: ఇవి వారసత్వమా, పాత ఇనుమా? ప్రస్తుతం మన జవాబు పాత ఇనుమే.

ఇతర దేశాల్లో వేరే జవాబు ఇచ్చినవారు ఉన్నారు. జర్మనీలోని ఎస్సెన్‌లో జోల్‌ఫెరైన్ గని 1986లో మూతపడింది. 2001లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. వేల్స్‌లో బ్లేనావన్ దగ్గరి బిగ్ పిట్ గని 1980లో మూతపడి, 1983లో సందర్శకులకు తెరుచుకుంది. అక్కడ భూగర్భంలోకి తీసుకువెళ్లి వివరించేవారు మాజీ గని కార్మికులే. మన దగ్గర 2022 చివర ఆర్టీసీ, సింగరేణి కలిసి గని సందర్శన యాత్ర మొదలుపెట్టాయి. అది మంచి ఆరంభమే. అయితే పనిచేస్తున్న గనిని చూపించడం వేరు, మూతపడిన గనిని దాచిపెట్టుకోవడం వేరు. రెండోదానికి డబ్బు రాదు, ఖర్చే. ఒక మ్యూజియం టికెట్లతో పోయిన ఉద్యోగాలు తిరిగి రావని వాదించేవారి మాట నిజం. నేను అడిగేది ఉద్యోగానికి బదులు మ్యూజియం కాదు. పడగొట్టే ముందు ఒక ఫోటో, ఒక కొలత, పనిచేసిన ఒక మనిషి గొంతు.

మీరు చేయవలసిన పని

ఒక ఆదివారం ఉదయం గోదావరి వంతెన మీద మొదలుపెట్టండి. నీటిమట్టం చూసి తేదీ వేసి రాయండి. 2022 జూలై వరద ఏ ఇంటి దాకా వచ్చిందో గంగానగర్‌లో అడగండి. గోడ మీది మరక ఉంటే నేల నుంచి దాని ఎత్తు కొలవండి. అక్కడి నుంచి జనగామ పాత ఊరికి వెళ్లి, గనులు రాకముందు పుట్టినవారు ఎవరైనా ఉన్నారేమో చూడండి. వారు ఇప్పుడు వయసు మళ్లినవారు, కాబట్టి ఈ పని వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి. ‘మీ చిన్నప్పుడు గంగ ఎట్లుండేది తాతా?’ అని అడిగితే చాలు. తరువాత మీరు తక్కువ మాట్లాడండి. చేపల పేర్లు, మడుగుల పేర్లు, వల రకాల పేర్లు వారు పలికినట్టే రాసుకోండి. పుస్తక భాషలోకి మార్చకండి.

తరువాత మీ ఇంట్లో వెతకండి. పాత మస్టరు కార్డు, జీతం చీటీ, యూనియన్ రసీదు, రిటైర్మెంటు నాటి గ్రూపు ఫోటో: ఇవన్నీ మూలాధారాలే. ఫోటో వెనుక పేర్లు లేకపోతే నాన్నగారినో తాతగారినో కూర్చోబెట్టి ఇవాళే రాయించండి. గుర్తున్న వరుసలో కాకుండా ఫోటోలో నిలబడిన వరుసలో, ఎడమ నుంచి కుడికి రాయించండి. చనిపోయినవారి పేరు దగ్గర వారు కొంతసేపు ఆగుతారు. తొందరపెట్టవద్దు.

మూసిన ఇంక్లైన్లలోకి, మట్టి గుట్టల పైకి ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లకండి. లోపల విషవాయువులు ఉండవచ్చు, గుట్టలు జారుతాయి. ఓపెన్‌కాస్టు, విద్యుత్ కేంద్రం చూడాలంటే ముందుగా సంబంధిత కార్యాలయం నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. ఫోటోలకు వేరుగా అడగాలి. సేకరించినదాన్ని ఎనిమిది పేజీలకు మించకుండా రాసి, వివరాలు చెప్పినవారి అంగీకారం ఉంటేనే వారి పేరు చేర్చి, ఒక ప్రతి మీ అధ్యయన కేంద్రంలో ఇవ్వండి. ఇంకో ప్రతి చెప్పినవారి ఇంట్లో ఇచ్చి రండి.